పెరటి కొలనులో కలక పోవాలంటే: ఇంట్లో చేసుకునే ఫిల్టర్లలో ఏది ఎంచుకోవాలి?

కొలనులో పడ్డ ఆకులు, పుల్లలు వలతో తీసేయొచ్చు. తామర కుండీల మధ్య పొగలా వేలాడే సన్నటి మురికి వలకు చిక్కదు, నీళ్ళు మార్చినా పది రోజుల్లో మళ్ళీ వస్తుంది. ఖాళీ పెయింటు బకెట్టు, నీలం డ్రమ్ము, స్పాంజి, ఇసుక, కంకర: వీటితో ఇంట్లోనే చేసుకునే ఫిల్టర్లు నాలుగైదు రకాలున్నాయి. అన్నీ పనిచేసేవే, కానీ అన్నీ ఒకే మురికి మీద పనిచేయవు. ఆ తేడా చూడకుండా కట్టుకుంటే పంపు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం తేటపడవు.

లెక్కల కోసం ఒక మామూలు కొలను తీసుకుందాం. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. అంటే 80 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 2,260 లీటర్లు. మీ కొలను కొలతలు వేసుకుని కింద చెప్పిన అంకెలను ఆ నిష్పత్తిలో మార్చుకోండి.

ముందు సీసా పరీక్ష

లేబులు తీసేసిన లీటరు సీసాలో కొలను మధ్య లోతు నుంచి నీళ్ళు పట్టి, కదలని చోట పెట్టండి. గంటలో అడుగున పొర కట్టి పైన తేటపడితే అది ఇసుక, ముతక ఒండ్రు. తెల్లారేసరికి తేరితే సన్న ఒండ్రు, చేపల మలం, కుళ్ళిన ఆకుల పొడి. మూడు రోజులైనా మట్టిరంగు వదలకపోతే బంకమట్టి. పచ్చగా ఉండి అలాగే నిలిచిపోతే అది మురికి కాదు, నీళ్ళలో తేలే నాచు. తేటగానే ఉండి టీ డికాషన్ రంగులో ఉంటే ఆకుల నుంచో కొయ్య నుంచో దిగిన రంగు. దాన్ని ఏ స్పాంజీ పట్టుకోలేదు, యాక్టివేటెడ్ కార్బన్ (రంగును పీల్చే ప్రత్యేకమైన బొగ్గు) పట్టాలి, లేదా నీళ్ళు మార్చాలి.

ఈ పరీక్షకు అంత విలువ ఎందుకంటే, మట్టి రేణువు ఎంత వేగంగా కిందికి దిగుతుందో దాని సైజు వర్గాన్ని (సైజు × సైజు) బట్టి ఉంటుంది. సైజు సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. 50 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒండ్రు రేణువు నిలకడ నీళ్ళలో సెకనుకు 2 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. 10 మైక్రాన్లదైతే మీటరు దిగడానికి 3 గంటలు. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువుకు అదే మీటరు దిగడానికి 3 రోజులు దాటుతుంది. అదీ నీళ్ళు కదలకుండా ఉంటేనే. చేపల మలం, ఆకుల పొడి నీళ్ళంత తేలికగా ఉంటాయి గనుక అదే సైజు మట్టికన్నా ఇంకా నెమ్మదిగా దిగుతాయి. పంపు తిరిగే, చేపలు ఈదే కొలనులో అవి అడుగు చేరేదెప్పుడు?

మీ నేల కూడా ముఖ్యమే. నల్లరేగడి నీళ్ళు తగిలితే ఉబ్బి అతి సన్నగా విడిపోతుంది. దాని రేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది గనుక ఒకదాన్నొకటి తోసుకుంటూ వేలాడుతూనే ఉంటాయి. ఎర్రమట్టి కలక మామూలుగా అంతకన్నా త్వరగా తేరుతుంది. బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువగా ఉంటే బంకమట్టి కొంత ముద్దకడుతుంది. వాననీటితో నింపిన కొలనులో ఆ సాయం ఉండదు, కలక ఎక్కువ రోజులు నిలుస్తుంది.

తిరుగుడు డ్రమ్ము: అందరూ ముందు కట్టేది, సన్న మురికికి పనికిరానిది

200 లీటర్ల నీలం డ్రమ్ములోకి పక్క నుంచి వాలుగా నీళ్ళు పంపితే సుడి తిరిగి మడ్డి మధ్యలో పేరుకుంటుంది, కింద వాల్వు తిప్పితే బయటికి పోతుంది. చూడ్డానికి బాగుంటుంది. లెక్క చూడండి. ఆ డ్రమ్ము అడ్డకోత సుమారు 0.26 చదరపు మీటర్లు. గంటకు 1,500 లీటర్లు పంపితే నీళ్ళు అందులో సెకనుకు 1.6 మిల్లీమీటర్ల వేగంతో పైకి లేస్తాయి. అంతకన్నా వేగంగా దిగగలిగే రేణువే అడుగున ఆగుతుంది, అంటే మట్టిలో 40 మైక్రాన్లు దాటినవి మాత్రమే. మీ బాధ అంతా దానికంటే సన్నటి దానితోనే. పైగా పంపు కొలను అడుగున ఉండి మురికిని డ్రమ్ములోకి తోస్తుంటే, దాని రెక్కలే చేపల మలాన్ని పొడి చేసి పంపుతాయి.

చేపలు బాగా ఎక్కువగా ఉంటే, అసలు ఫిల్టరుకు ముందు బరువు దించే మెట్టుగా ఇది ఉండొచ్చు. ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

స్పాంజి–దూది డ్రమ్ము: ఎక్కువ ఇళ్ళకు ఇదే సరైనది

సీసా తెల్లారేసరికి తేరింది, కొలనులో చేపలున్నాయి, స్థలం తక్కువ. ఇలాంటి ఇంటికి మొదటి సలహా ఇదే. వెయ్యి లీటర్ల లోపు తొట్టికి 20 లీటర్ల బకెట్టు చాలు. మన 2,260 లీటర్ల కొలనుకు 100 లీటర్ల మూత డ్రమ్ము కావాలి. సన్న మురికిని పట్టేది పొర మందం మాత్రమే కాదు, నీళ్ళు దానిగుండా నెమ్మదిగా పోవడం కూడా. 28 సెంటీమీటర్ల వెడల్పున్న బకెట్టులో గంటకు 1,500 లీటర్లు పోతే వేగం గంటకు 24 మీటర్లు. 45 సెంటీమీటర్ల డ్రమ్ములో అదే ప్రవాహానికి 9.5 మీటర్లు దాటదు. బకెట్టులో దూది ఆపినదాన్ని ఆ వేగమే మళ్ళీ తోసేస్తుంది.

డ్రమ్ము దేనికి వాడినదో తెలుసుకుని కొనండి. పురుగుమందులు, యాసిడ్లు నిలవ చేసినది ఎంత కడిగినా చేపలకు వద్దు.

కట్టే పద్ధతి ఇది. డ్రమ్ము అడుగుకు 2 అంగుళాల పైన ముప్పావు అంగుళం ట్యాంక్ నిపుల్ బిగించండి, పంపు పైపు అక్కడికి వస్తుంది. అడుగున ఒక అంగుళం బాల్ వాల్వు, మడ్డి వదలడానికి. లోపల 6 అంగుళాల ఎత్తులో, పీవీసీ ముక్కల కాళ్ళ మీద, రంధ్రాలు కొట్టిన ప్లాస్టిక్ పళ్ళెం లేదా కూరగాయల క్రేటు ముక్క పెట్టండి. దాని మీద ముతక స్పాంజి 4 అంగుళాలు, ఆ పైన సన్న స్పాంజి 4 అంగుళాలు, అన్నిటికంటే పైన దిండ్లలో నింపే పాలిస్టర్ దూది 2 అంగుళాలు, తేలిపోకుండా దాని మీద మరో క్రేటు ముక్క. నీళ్ళు కింది నుంచి పైకి పోతాయి గనుక ముతకది కిందే ఉండాలి. దూదిని ముందు పెడితే గంటల్లో పూడుకుపోతుంది, పై స్పాంజీలు ఖాళీగా మిగులుతాయి. కొలనులోకి తిరిగి వెళ్ళే పైపు ఒకటిన్నర అంగుళానికి తగ్గకూడదు.

స్పాంజిని డ్రమ్ము లోపలి వెడల్పు కన్నా అర అంగుళం పెద్దగా కోసి నొక్కి దింపండి. సరిగ్గా కొలతకు కోస్తే అంచు వెంబడి సందు మిగులుతుంది, నీళ్ళు తేలిక దారి వెతుక్కుని అక్కడి నుంచే పోతాయి. ఫిల్టరు పెట్టినా కలక తగ్గలేదని బాధపడేవాళ్ళు ముందు చూడాల్సింది ఈ సందునే. సోఫా స్పాంజి కూడా దగా చేస్తుంది. దాని గదుల మధ్య పొరలు మూసుకుని ఉంటాయి గనుక నీళ్ళు సరిగ్గా దూరవు. ఆక్వేరియం కొట్లలో దొరికే, ఊదితే గాలి సులువుగా అవతలికి పోయే ఫిల్టరు స్పాంజినే కొనండి. దూదిలో చేతికి జారుగా తగిలే రకానికి సిలికాన్ పూత ఉంటుంది, అది నీళ్ళను తోసేస్తుంది. గరుకుగా ఉండేది తీసుకోండి.

ఇక ఈ ఫిల్టరుకున్న అసలు ప్రమాదం. దూది తేలి తిరుగు పైపును పూడ్చేస్తే నీళ్ళు కొలనులోకి పోలేక డ్రమ్ము అంచు మీంచి పొర్లుతాయి. రాత్రి అలా జరిగితే తెల్లారేసరికి కొలను ఖాళీ, చేపలు అడుసులో. అంచుకు అంగుళం కింద 2 అంగుళాల పొర్లు పైపు పెట్టి దాన్ని కొలనులోకే వదలండి. పంపును అడుగున కాకుండా రెండు ఇటుకల ఎత్తున ఉంచండి. ఏది తప్పినా అడుగున అరడుగు నీళ్ళు మిగులుతాయి, పంపు మడ్డిని కూడా తక్కువగా లాగుతుంది.

దూది మొదటి వారం రోజూ మార్చాల్సి రావచ్చు. నీళ్ళు తేటపడ్డాక తీసి పక్కన పెట్టి, కలక వచ్చినప్పుడే వేసుకోవచ్చు. స్పాంజీలను కొలను నీళ్ళు బకెట్టులో పట్టి అందులోనే పిండండి. మున్సిపల్ కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు అందులోని బాక్టీరియా చచ్చిపోతుంది. చేపల మలం నుంచి వచ్చే అమోనియాను విరిచేది అదే. రెండు స్పాంజీలూ ఒకే రోజు కడగొద్దు.

ఇసుక: ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ కాదు

ఇసుక సన్నగా ఉంటుంది కాబట్టి ఎంత సన్న మురికినైనా ఆపుతుందనుకోవడం సహజం. అర మిల్లీమీటరు ఇసుక రేణువుల మధ్య సందు 70–80 మైక్రాన్ల వరకు ఉంటుంది. ఆ సందులో 2 మైక్రాన్ల బంకమట్టి ఏ అడ్డూ లేకుండా పోతుంది. మున్సిపల్ నీటి శుద్ధి కేంద్రాల్లో ఇసుక ఫిల్టరుకు ముందు పటిక కలిపి ముద్దకట్టించేది అందుకే. కాబట్టి మూడు రోజులైనా తేరని నీళ్ళకు ఇసుక ఒక్కటే చాలదు.

చేపలు బాగా ఉన్న కొలనుకూ వద్దు. వాటి జిగురు మురికి ఇసుకను ఉండలుగా అతికిస్తుంది, నీళ్ళు ఉండల మధ్య దారి చేసుకుని శుభ్రపడకుండానే దిగిపోతాయి. ఆ ఇసుకను విడదీయాలంటే కింది నుంచి గంటకు 30 మీటర్లు దాటిన వేగంతో నీళ్ళు తన్నాలి. 200 లీటర్ల డ్రమ్ముకు అది గంటకు 8,000 లీటర్ల పైమాట. కొలను పంపుతో కాదు.

చేపల్లేని తామర కొలను, ఒండ్రు మురికి అయితే ఇసుక డ్రమ్ము చక్కగా పనిచేస్తుంది. అడుగున 20 సెంటీమీటర్ల కంకర, పైన 45 సెంటీమీటర్ల ఇసుక, నీళ్ళు పై నుంచి కిందికి, గంటకు 1,300 లీటర్లు మించకుండా. ఏటి ఇసుకను దోమల తెరలో జల్లించి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. రోబో సాండ్ వాడొద్దు, దాన్లోని రాతి పొడి ఎంత కడిగినా వస్తూనే ఉండి కలకను పెంచుతుంది.

కంకర మడి: స్థలముంటే దీన్ని మించింది లేదు

కొలను వైశాల్యంలో నాలుగో వంతు స్థలంలో కంకర నింపి, మొక్కలు నాటి, కింది నుంచి నీళ్ళు వదిలితే అవి కంకర గుండా పైకి లేచి కొలనులోకి పొర్లుతాయి. మన 40 చదరపు అడుగుల కొలనుకు 4 అడుగులు × 2.5 అడుగుల మడి, అడుగు లోతు. గంటకు 1,500 లీటర్లకు నీళ్ళు ఇందులో సెకనుకు అర మిల్లీమీటరు కూడా లేవవు. పైన చెప్పిన తిరుగుడు డ్రమ్ములోని వేగంలో ఇది మూడో వంతు కన్నా తక్కువ. అదీగాక ఇక్కడ రేణువు మీటరు దిగనక్కరలేదు, పక్కనున్న రాయి మీదికి రెండు మిల్లీమీటర్లు దిగితే చాలు. రాళ్ళ మీద పెరిగే జిగురు పొర దాన్ని పట్టేస్తుంది. సన్న మురికికి ఇది ఇంత బాగా పనిచేయడానికి కారణం అదే.

అడుగున ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు పరచండి. హ్యాక్సా బ్లేడుతో రెండంగుళాలకొకటి చొప్పున పైపు వ్యాసంలో మూడో వంతు లోతు గాట్లు పెట్టి, గాట్లు పక్కకు ఉండేలా ఉంచండి. ఆ పైపు రెండో కొసను కంకర పైకి లేపి మూత పెడితే ఏడాదికోసారి మూత తీసి మడ్డి తోడేయొచ్చు. ఈ నిటారు పైపును మర్చిపోయినవాళ్ళు మూడేళ్ళ తర్వాత కంకరంతా పారతో ఎత్తాల్సి వస్తుంది. కంకర 12 ఎంఎం నల్లరాయి, బాగా కడిగినది. సున్నపురాయి ముక్కలైతే పీహెచ్ పెంచుతాయి.

మొక్కల్లో మెట్టతామర, వట్టివేరు బాగా వస్తాయి. మట్టి కడిగేసి వేళ్ళతో నేరుగా కంకరలో నాటాలి. జమ్ము మాత్రం వద్దు, దాని దుంపలు అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటును చీలుస్తాయి.

దీనికి రెండు లోపాలున్నాయి. నీళ్ళు తేటపడటానికి నెల, రెండు నెలలు పడుతుంది. 10 ఘనపుటడుగుల కంకర 400 కిలోలు దాటుతుంది, నీళ్ళతో కలిపి అర టన్ను. మేడ మీద కొలనుకు ఇంజనీరు చూడకుండా ఇది పెట్టొద్దు.

బంకమట్టికి: పటిక, జిప్సం, చిల్లగింజ

మూడు రోజుల సీసాకు మందు ముద్దకట్టించడమే. 10 గ్రాముల పటికను లీటరు నీళ్ళలో కరిగించండి, అప్పుడు ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములుంటుంది. నాలుగు లీటరు సీసాల్లో కొలను నీళ్ళు పట్టి 1, 2, 3, 5 మిల్లీలీటర్లు వేసి, ఒక నిమిషం జోరుగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి వదలండి. అరగంటలో తేటపడిన వాటిలో అన్నిటికంటే తక్కువ మోతాదే మీది. 2 మిల్లీలీటర్లకు తేటపడితే లీటరుకు 20 మిల్లీగ్రాములు, మన కొలనుకు 45 గ్రాములు. పటిక నీళ్ళలోని ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని, తింటుంది. పరీక్ష పట్టీ మీద అది లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు చూపిస్తే, వాననీటి కొలనుల్లో తరచూ అలాగే ఉంటుంది, పీహెచ్ పడిపోయి చేపలు చస్తాయి. ఏమైనా సరే చేపలను వేరే తొట్టిలోకి మార్చి చేయడం మంచిది, ఆ ముద్దలు మొప్పల్లో చిక్కుతాయి. పటిక కలిపాక పంపు ఆపి రాత్రంతా వదిలి, పొద్దున్నే అడుగున చేరిన మడ్డిని పైపుతో లాగి బయట పోయండి. ఆ మడ్డిని వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఎరువుల కొట్లో దొరికే జిప్సం నీళ్ళను ఆమ్లం చేయదు గనుక చేపలున్న చోట మేలు. లీటరుకు 250 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి, అంటే మన కొలనుకు సుమారు 570 గ్రాములు. ముందు బకెట్టు నీళ్ళలో కలిపి చల్లండి. బోరు నీళ్ళలో కాల్షియం ముందే ఎక్కువగా ఉంటే దీని వల్ల పెద్ద మార్పు కనిపించదు. పల్లెల్లో బిందె లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్ళు తేర్చే పద్ధతి మంచిదే, కానీ అది బిందెకు. 2,000 లీటర్లకు సరిపడా గింజల పొడి పోస్తే మిగిలిన పిండి కుళ్ళి కొత్త మురికవుతుంది.

పచ్చ నీళ్ళకు ఇవేవీ కావు. మూడింట రెండొంతుల నీటిపై తామరాకుల నీడ, చేపల మేత తగ్గింపు, అప్పటికీ పోకపోతే యూవీ దీపం. యూవీ మట్టి కలకను తగ్గించదు, ఆ పని కోసం కొనొద్దు.

పంపు, కరెంటు

పంపు పెట్టె మీది లీటర్లు సున్నా ఎత్తుకు రాసినవి. ఫిల్టరు నుంచి పడే నీళ్ళను 20 లీటర్ల బకెట్టులో పట్టి చూడండి, 48 సెకన్లలో నిండితే గంటకు 1,500 లీటర్లు. మన కొలను మొత్తం గంటన్నరకోసారి తిరిగినట్టు, అది చాలు. 40 వాట్ల పంపు నెలంతా తిరిగితే దాదాపు 29 యూనిట్లు. కరెంటు ఖర్చని రాత్రి ఆపేస్తే బాక్టీరియాకు గాలి అందదు. ఐదారు గంటలకు మించి కరెంటు పోయి వస్తే డ్రమ్ములోని మొదటి నీళ్ళను అడుగు వాల్వు తిప్పి బయటికి వదిలి, తర్వాతే కొలనులోకి పంపండి, కంపు కొట్టే ఆ నీళ్ళు చేపలకు విషం. పంపు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) తప్పనిసరి. అది ఉన్నా సరే, ప్లగ్గు పీకకుండా నీళ్ళలో చేయి పెట్టొద్దు.

ఏ ఇంటికి ఏది

చేపలున్న చిన్న కొలను, ఇరుకు పెరడు, మేడ: స్పాంజి–దూది డ్రమ్ము. నేల మీద నాలుగడుగుల చోటుంటే కంకర మడి కట్టండి, అది కుదురుకునే రెండు నెలలూ పక్కన దూది బకెట్టు నడపండి. తామరలు మాత్రమే ఉండి ఒండ్రు చేరుతుంటే ఇసుక డ్రమ్ము. నల్లరేగడి కలకకు ఒకసారి జిప్సమో పటికో, ఆ తర్వాత స్పాంజి.

ఏది కట్టినా ముందు మట్టి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. కొలను గట్టు చుట్టూ నేల కన్నా 4 అంగుళాలు ఎత్తుగా లేకపోతే ప్రతి వానకూ పెరటి మట్టి అందులోకే వస్తుంది. కోయి చేపలు కుండీల మట్టిని ముట్టెతో తవ్వుతాయి, కుండీ మట్టి మీద 2 అంగుళాల గులకరాళ్ళు పరవండి. ఈ రెండూ చేశాక వారం ఆగి సీసా పరీక్ష మళ్ళీ చేస్తే, కొన్ని కొలనులకు బకెట్టు ఫిల్టరే సరిపోతుందని తేలుతుంది.